కాక కారులో పాము

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడేవారు కాదు. కోపమొచ్చి కాదు సుమా, సాంచెల వల్ల. మరమగ్గాలను మేం సాంచెలనే అంటాం. సోలాపూర్ భవాని పేట్‌లో మా ఇల్లూ, సాంచెల షెడ్డూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. ఎదురింట్లో, పక్కింట్లో, వెనక సందులో, ఎక్కడ చూసినా అవే. పొద్దున టకటకా టకటకా అని మొదలైతే అరుగు మీద పెట్టిన చెంబు కూడా వణికేది. "ఉప్పు ఇయ్యి" అనాలన్నా గొంతు చించుకోవాల్సిందే. పెళ్లయిన కొత్తలో మా ఆయన మా పుట్టింటికొచ్చి, అందరూ తన మీద కేకలేస్తున్నారనుకుని అన్నం సగంలో వదిలేసి లేచాడు. ఇప్పుడడిగితే మాత్రం ఒప్పుకోడు.

సాంచెల మధ్య ఏళ్లకేళ్లు పనిచేసినవాళ్లకు చెవులు మందగిస్తాయి. దానికి బదులుగా కళ్లు ఎదుటివాళ్ల పెదాలు చదవడం నేర్చుకుంటాయి. మా తాత అందులో ఆరితేరినవాడు. ఆయన జాబర్, అంటే సాంచె చెడిపోతే బాగుచేసే మనిషి. ఎక్కడ ఏ బోల్టు వదులైందో ఇనుము మీద అరచెయ్యి పెట్టి చెప్పేవాడు గానీ, పక్కన నిలబడి పిలిస్తే మాత్రం పలికేవాడు కాదు. షెడ్డుకు ఆ చివరనుంచి మేం పెదాలు కదిపితే చాలు, అక్కణ్ణుంచే జవాబిచ్చేవాడు. చిన్నప్పుడు మేం గుసగుసలాడుకోవాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది అందుకే.

ఆ సాంచెలు ఆగేది రెండు సందర్భాల్లో. వారానికొకసారి కరెంటు సుట్టీ రోజున, అది అందరికీ ముందే తెలుసు. ఇక రెండోది, సందులోంచి శవం వెళ్లేటప్పుడు. పాడె ఇంట్లోంచి లేస్తోందనగానే ఒకరి తర్వాత ఒకరు మోటార్లు ఆపేసి గుమ్మాల్లోకొచ్చి నిలబడేవారు. పాడె మలుపు తిరిగాకే మళ్లీ పని మొదలు. అందుకని పని రోజున ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే పిల్లలమైన మా గుండెలు గుభేలుమనేవి. ఎవరో పోయారన్నమాట.

ఇక కారు సంగతి. మా కాక, అంటే మా బాపు తమ్ముడు, చాలా ఏళ్లు సాంచె నడిపి విసిగిపోయి, ఎవరి దగ్గరో ఒక పాత నల్ల కారు తీసుకుని కిరాయికి తిప్పేవాడు. మా సందు మొత్తానికీ అదొక్కటే కారు. పిల్లలం దాన్ని ముట్టుకోవడానికి వంతులేసుకునేవాళ్లం. అలాంటి కారుకు ఆ ఎండాకాలం పిచ్చెత్తింది. కాక ఆక్సిలేటర్ మీంచి కాలు తీసేసినా ఇంజను వేగం తగ్గదు. నిలబెట్టిన చోటే నిలబడి, ఎక్కడికో పరుగెత్తుతున్నంత రొద చేసేది. గేరు వేసి క్లచ్చు కొంచెం వదిలితే చాలు, ఎగిరి ముందుకు దూకేది. కాక దాన్ని గ్యారేజీకి తీసుకెళ్లాడు. వాళ్లు నిలకడ వేగం తగ్గించే స్క్రూను ఇక తిరగనంత వరకు తిప్పారు, ఆక్సిలేటర్ వైరు సడలించారు, స్ప్రింగు మార్చారు. అయినా అదే రొద.

ఒకరోజు కాక కారును సందులోకి తెస్తుండగా మా అమ్మ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎప్పటిలాగే కాక దూరంనుంచే కాలు తీసేశాడు. కారు ఆగలేదు. ఆయన బ్రేకు మీద నిలబడేసరికి అది రంగు నూలు ఆరేసిన వెదురు బొంగులను విరగ్గొట్టుకుంటూ వచ్చి, అమ్మ మోకాళ్లకు జానెడు దూరంలో ఆగింది. ఎర్ర నూలంతా కారు మూతి మీద పడింది. అమ్మ చాటలోని ఆకులను గట్టిగా పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఆమె నిండు చూలాలు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

అమ్మ కాన్పు మామూలుది కాదని నాకు అప్పటికే తెలుసు. నాయనమ్మ పక్కింటావిడతో చెబుతుంటే తలుపు చాటునుంచి విన్నాను. అరిచే చెప్పింది కాబట్టి వినక తప్పలేదు కూడా. కడుపులో మాయ కిందికి ఉందట. ఆపరేషను చేసే తీయాలట. కుదుపులు తగలకూడదట. రక్తం కనబడిందా, ఆ క్షణమే దవాఖానకు తీసుకురావాలని డాక్టరమ్మ చెప్పిందట, లేకపోతే తల్లీ దక్కదు, పిల్లా దక్కదట. టాంగాలో ఆ గతుకుల్లో తీసుకెళ్లే ప్రసక్తే లేదు. ఇక ఉన్నది కాక కారే. చేర్చాల్సిన రోజు దగ్గర పడుతోంది, కారేమో గుర్రంలా ఎగురుతోంది.

ఆ కారులో పాముందని కనిపెట్టింది నేను. కరెంటు సుట్టీ రోజున సాంచెలన్నీ ఆగి ఉన్నప్పుడు కాక ఇంజను ఆన్ చేసి ఏదో చూసుకుంటున్నాడు. నేను ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. ఇంజను రొద వెనకాల, సన్నగా, ఆగకుండా, స్స్స్ అని ఒక బుస. ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక తలుపు తెరుచుకోవడం కూడా రాక కిటికీలోంచి దూకేశాను. మోచెయ్యి చెక్కుకుపోయింది. "పాము, లోపల పాము!" అని అరిచాను. కాక బానెట్టు ఎత్తి వంగి చెవి పెట్టాడు. మా బాపు వచ్చి పెట్టాడు. ఎదురింటి మామ కూడా వచ్చి పెట్టాడు.

"ఏడుందే పాము? మాకేం వినొస్తలేదు గదా" అన్నాడు కాక.

"పోరి కల గన్నది" అని ఎదురింటి మామ పగలబడి నవ్వాడు. అప్పట్నుంచి సందులో ఎవరు ఎదురైనా "ఏం బిడ్డా, పాము బాగున్నదా?" అని అడగడమే. అందరూ పెద్దవాళ్లు, అందరూ చెవి పెట్టి విన్నవాళ్లు. వాళ్లకు వినబడనిది నాకెలా వినబడుతుంది? కానీ వినబడింది. రాత్రి కళ్లు మూసుకున్నా వినబడుతూనే ఉంది. అమ్మ వెనక సీట్లో పడుకుని ఉంటే అది సీటు కిందినుంచి పాకుతూ వచ్చినట్టు కనబడేది. అన్నం సయించలేదు. ఇక చెప్పుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

అమ్మను దవాఖానలో చేర్చాల్సింది మర్నాడనగా, ఆ పొద్దున నేను అమ్మ పక్కన చేరి, కొంగు పట్టుకుని బతిమాలుకున్నాను. "అమ్మా, రేపు ఆ కార్ల ఎక్కకే. పాముంది. నిజంగ ఉంది." అమ్మ ఎప్పుడూ తిట్టేది, ఆరోజు తిట్టలేదు. నా తల మీద చెయ్యి పెట్టి ఎటో చూస్తూ ఉండిపోయింది. ముఖం పాలిపోయి ఉంది. ఆ చూపు చూసి నాకు ఇంకా భయమేసింది. వెళ్లి షెడ్డు వెనక నూలు మూటల మధ్య దూరి కూర్చున్నాను. నేను కనబడకపోతే అమ్మ నన్ను వదిలి వెళ్లదని నా ఆశ.

ఎంతసేపు కూర్చున్నానో. వీపుకు ఆనుకున్న గోడ సాంచెలతో పాటు అదురుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆ అదురు ఆగిపోయింది. మా షెడ్డు ఆగింది. తర్వాత ఎదురిల్లు. తర్వాత పక్కిల్లు, ఆ తర్వాత వెనక సందు. ఒక్కొక్కటీ ఆగుతూ పోయి, ఎక్కడో దూరాన చివరి సాంచె రెండుసార్లు టక్కుమని అదీ ఆగింది. అది కరెంటు సుట్టీ రోజు కాదు.

అమ్మ పోయిందనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు. మూటల మధ్యనుంచి ఎలా బయటపడ్డానో తెలియదు. "అమ్మా" అని అరుస్తూ వాకిట్లోకి ఉరికాను. అందరూ గుమ్మాల్లో నిలబడి ఉన్నారు, సరిగ్గా పాడె లేచేటప్పుడు నిలబడినట్టే. మా అమ్మ మాత్రం అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బతికే ఉంది. వెళ్లి ఆమె కాళ్లకు చుట్టుకుపోయాను. ఏడుపు కూడా రాలేదు.

అప్పుడు చూశాను, మా తాత సందు చివరనుంచి నడిచొస్తున్నాడు. ఇంటింటికీ వెళ్లి సాంచెలు ఆపించింది ఆయనే.

"ఏమైంది మామా, ఎవలు పోయిండ్రు?" అని ఎవరో అడిగారు.

"ఎవ్వలు పోలె. మా పోరి కార్ల పామున్నదంటుంది. చూడాలె" అన్నాడు తాత. ఎదురింటి మామ నవ్వబోయాడు. తాత వేలు చూపించాడు. "నవ్వాలనుంటే మల్ల సాంచె నడుపుకుంట నవ్వు. గిప్పుడు జరా సప్పుడు జెయ్యకు."

నేను తాతతో పాము మాట ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆయనకు ఎలాగూ ఆ బుస వినబడదు కదా అని చెప్పలేదు. పొద్దున నేను అమ్మతో చెబుతున్నప్పుడు, షెడ్డు కిటికీలోంచి ఆయన నా పెదాలు చదివాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం భయంలో మర్చిపోయానన్నమాట.

కారును వాకిట్లో నిలబెట్టారు. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టారు. కాక లోపల కూర్చుని స్టార్ట్ చేశాడు. గయ్యిమని లేచింది ఇంజను, సాంచెల రొద లేకపోవడంతో ఇంకా రాక్షసిలా వినబడింది. తాత బానెట్టు ఎత్తి నన్ను రమ్మన్నాడు. నేను అమ్మ కాళ్లు వదల్లేదు. ఆయనే వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సూడు బిడ్డా. నా చెవులు సాంచెలు తినేసినయి. మీ కాకయి సగం తిన్నయి. సన్న సప్పుడు మాకెవ్వలకు వినరాదు. నీయే ఇంక నిండుగున్నయి. నువ్వు జెప్పకపోతే నాకెట్ల ఎరుకైతది?"

"గరుస్తది తాతా" అన్నాను.

"గరిస్తే ముందుగాల నన్ను గరుస్తది. నా చెయ్యి ముందుంటది, నీ చెవు ఎన్కుంటది. సరేనా?"

నూలు అయిపోయిన అట్ట గొట్టం ఒకటి నా చేతికిచ్చాడు. ఒక కొన నా చెవికి పెట్టాడు, రెండో కొనను తన చేత్తో పట్టుకుని ఇంజను మీద మెల్లగా తిప్పసాగాడు. ఫ్యాను వైపు నన్ను రానీయకుండా మధ్యలో తానే నిలబడ్డాడు. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. వేడి గాలి, పెట్రోలు వాసన ముఖానికి కొడుతున్నాయి. మొదట అంతా గోలే. అట్ట గొట్టం కార్బొరేటర్ కిందికి వెళ్లగానే బుస చెవిలోకి దూసుకొచ్చింది. వెనక్కి పడబోయాను. తాత రెండో చేత్తో నా జబ్బ పట్టుకున్నాడు.

"ఈడనే?"

తలూపాను. అన్న మాట ప్రకారం ముందు ఆయన చెయ్యే లోపలికెళ్లింది. నేను ఒక కంటితో చూస్తున్నాను, పాము పడగ ఎప్పుడు లేస్తుందా అని. ఆయన అక్కడున్న నల్ల రబ్బరు గొట్టం చుట్టూ వేలు తిప్పాడు. ఒక చోట ఆగాడు. తడిగుడ్డ తెమ్మని, ఆ చోట నీళ్లు పిండాడు. నీళ్లు కింద పడలేదు, గొట్టమే లోపలికి గుంజుకుంది. ఇంజను ఒక్కసారి దగ్గినట్టయి తడబడింది. తాత ముఖం వెలిగిపోయింది. ఆ చోట బొటనవేలు గట్టిగా అదిమాడు. బుస ఆగింది. దాంతో పాటే ఆ గయ్యిమనే రొద కూడా దిగుతూ దిగుతూ వచ్చి సగానికి పడిపోయింది. వేలు తీశాడు, మళ్లీ గయ్యిమంది. వేలు పెట్టాడు, తగ్గింది. గుమ్మాల్లో ఉన్నవాళ్లంతా మెడలు సాచి చూస్తున్నారు. ఎదురింటి మామ నోరు తెరిచి మూయడం మర్చిపోయాడు.

"దొరికిందిరా" అని కాకను ఆపమన్నాడు తాత. గొట్టం కొన కింది వైపు పగిలి ఉంది. పైనుంచి చూస్తే కనబడదు. ఆ పగులులోంచి ఇంజను దొంగతనంగా గాలి పీల్చుకుంటోంది, అందుకే కాలు తీసినా దాని వేగం తగ్గడం లేదు. స్క్రూ ఎంత తిప్పితే మాత్రం ఏం లాభం, గాలి ఇంకో దారిన వస్తుంటే. తాత పగిలిన మేరకు గొట్టాన్ని కత్తిరించి, మిగిలినదాన్ని గట్టిగా లోపలికి తొడిగి, పైన నూలు పోగును వరసలు వరసలుగా బిగించి చుట్టి, మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడి వేశాడు.

కాక మళ్లీ స్టార్ట్ చేశాడు. ఇంజను రెండుసార్లు వణికి చచ్చిపోయింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ చచ్చిపోయింది. నా పాము మాట విని దాన్ని చంపేశారు, ఇక అమ్మను తీసుకెళ్లడానికి ఏమీ లేదు, అంతా నావల్లే. తాత మాత్రం నవ్వాడు. "గ్యారేజోల్లు స్క్రూ మొత్తం తగ్గిచ్చిండ్రు గదా, ఇప్పుడు దానికి ఊపిరి చాలుతలేదు" అని స్క్రూను కొంచెం ఎక్కించాడు. ఈసారి అందుకుంది. ఆయన అరచెయ్యి ఇంజను మీద పెట్టి, ఇంకొంచెం ఎక్కించి, కొంచెం దించి వదిలేశాడు. గుడుగుడుగుడు అని నెమ్మదిగా, ఒకే తీరున తిరుగుతోంది. గేరు వేసి వదిలితే కారు దూకలేదు, బుద్ధిగా కదిలింది. ఆయన అట్ట గొట్టం మళ్లీ నా చెవికి పెట్టి నా ముఖం వైపు చూశాడు. లేదన్నట్టు తలూపాను. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

అంతా చూస్తూ కూర్చున్న మా అమ్మ అప్పుడే నోరు తెరిచింది. "అత్తా" అని పిలిచింది. మా అమ్మ గొంతు అంత మెత్తగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నాయనమ్మ దగ్గరికెళ్లి వంగింది. అమ్మ ఆమె చెవిలో చెప్పింది. కానీ నేను సాంచెల ఇంట్లో పుట్టిన పిల్లను. పెదాలు చదవగలను.

"పొద్దటి సంది రక్తం కనబడుతుంది అత్తా. భయమైతుంది."

తాత అటే తిరిగి ఉన్నాడు. ఆయన కూడా చదివాడు. కోడలు మామకు చెప్పుకునే మాట కాదది, అందుకని ఏమీ తెలియనట్టు ముఖం పక్కకు తిప్పుకుని, "రేపటిదాక ఎందుకురా, బండి బాగైంది గదా, ఇప్పుడే పోదాం. డోర్ తియ్యి" అన్నాడు కాకతో. అమ్మను వెనక సీట్లో నాయనమ్మ ఒళ్లో పడుకోబెట్టారు. మా బాపు సైకిలెక్కాడు. నన్ను ఇంట్లో వదిలేస్తారనుకుంటే, తాత ఎత్తి ముందు సీట్లో తన ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"మల్ల బుస వినొస్తే నా చెయ్యి గిచ్చు" అన్నాడు.

దారి పొడుగునా ఊపిరి బిగపట్టి విన్నాను. మా కారు మలుపు తిరిగేదాకా సందులో ఒక్క సాంచె కూడా మొదలు కాలేదు. కాక కాలు తీసినప్పుడల్లా కారు బుద్ధిగా నెమ్మదించేది. వెనకనుంచి అమ్మ మూలుగు వినబడుతోంది. వెనక్కి తిరిగి చూడాలని ఉంది, చూస్తే ఏం కనబడుతుందోనని భయం. తాత చెయ్యి నా రెండు చేతుల్లో ఉంది, ఒక్కసారి కూడా గిచ్చలేదు. దవాఖాన ముందు అమ్మను స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు సీటు మీద నెత్తురు చూశాను. అందరూ లోపలికి పరుగెత్తారు. వరండాలో తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన లోపలి తలుపు వైపే చూస్తున్నాడు, నేను పెదాలు కదిపినా తిరగలేదు. అది చూశాక ఇక అమ్మ రాదనే అనుకున్నాను.

అమ్మ వచ్చింది. చాలా రోజుల తర్వాత, సగమై వచ్చింది. వెంట మా చెల్లెలు. ఇప్పుడది నాకంటే లావుగా ఉండి నన్నే కసురుతుంది.

నాకు పెళ్లయి మొదటి కాన్పుకు వచ్చినప్పుడు అమ్మ ఆ రోజు మాట ఎత్తింది. రక్తం కనబడ్డ సంగతి మర్నాటిదాకా దాచాలనే అనుకుందట. ఆ కారంటే భయం, ఆపరేషనంటే భయం, చెబితే అందరూ ధైర్యం చెబుతూ నవ్వుతారని అంతకంటే భయం. "మరి ఎందుకు జెప్పినవే?" అని అడిగాను.

"నీ పాము కోసం మామ సాంచెలన్ని బంద్ జేపిచ్చిండు గదనే" అంది అమ్మ. "పోరి మాట ఇన్నోడు నా మాట ఇనడా అనుకున్న."

ఆ మాట విన్న రోజు రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు. మా ఇల్లు దాటి ఎన్నో ఇళ్లు మారాను, ఇప్పుడు నా చెవులూ మందగించాయి. మా మనవరాలు వారం రోజులుగా బడి ఆటో ఎక్కనని ఏడుస్తోంది. అందులో దయ్యముందట. వాళ్ల నాన్న నవ్వుతున్నాడు, వాళ్లమ్మ చాక్లెట్టు చూపిస్తోంది. ఇవాళ సాయంత్రం నేను టీవీ ఆపేశాను, మిక్సీ ఆపమన్నాను, వాళ్ల నాన్న నవ్వూ ఆపమన్నాను. దాని ముందు చతికిలబడి, దయ్యం ఎక్కడ కూర్చుంటుందో చెప్పమన్నాను. అది నా ముఖం దగ్గరికొచ్చి గుసగుసగా చెప్పింది. నాకు సరిగా వినబడలేదు గానీ దాని పెదాలు చూశాను. రేపు పొద్దున ఆ ఆటోలో ముందు నేనెక్కుతున్నాను.